ఇల్లు కొత్తదే, నేల పాతది

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: మాది నెల్లూరు. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయినిని. మావారు కృష్ణపట్నం ఓడరేవు దగ్గర ఒక రవాణా సంస్థలో లెక్కలు చూస్తారు. పెళ్లయినప్పటి నుంచి తొమ్మిదేళ్లుగా వేదాయపాళెంలో అద్దె ఇంట్లోనే ఉంటున్నాము. ఇప్పుడు పొదలకూరు రోడ్డు వైపు, ఊరి వెలుపల వేసిన లేఅవుట్‌లో ఒకే బిల్డరు పక్కపక్కనే కట్టిన మూడు ఇళ్లలో మధ్యది మాకు నచ్చింది. స్థలం 20 అంకణాలు, రెండు పడకగదులు, ధర 58 లక్షలు. రంగులు వేసి, దీపాలు పెట్టి, తాళం చెవులు చేతికిచ్చేలా ఉంది. బిల్డరు 15 లక్షలు ముందుగా ఇమ్మంటున్నారు. దానికి కాగితం మీద రాసిస్తామని, రిజిస్ట్రేషను 38 లక్షలకు చేయించుకుంటే ఖర్చు కలిసివస్తుందని, మిగతాది నగదుగా ఇవ్వాలని చెబుతున్నారు. బ్యాంకు వాళ్లు లోను ఇస్తామన్నారు కాబట్టి కాగితాల గురించి మేము బెంగపడనక్కరలేదని కూడా అంటున్నారు. వైశాఖంలో మంచి ముహూర్తం ఉందని పెద్దవాళ్లు తొందరపెడుతున్నారు. మా నాన్నగారు 8 లక్షలు ఇస్తున్నారు, నా నగలు కొన్ని అమ్ముతున్నాము. అయినా దస్తావేజు మావారి ఒక్కరి పేరునే ఉండాలని మా అత్తగారి పట్టు. పోయిన రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువులో సొంతిల్లు కావాలని కోరుకొని ఇంటి రొట్టె పట్టుకున్నాను. తీరా ఇల్లు ఎదురుగా కనబడుతుంటే భయం వేస్తోంది. ఏమి చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: అమ్మా, మీ భయం మంచిదే. ఇంటి రొట్టె పట్టుకున్నవారు కోరిక తీరాక మరో ఏడు అదే రొట్టెను ఇంకొకరికి ఇవ్వాలి కదా, అది నిశ్చింతగా ఇవ్వగలిగేలా చూసుకుందాము. నేను ప్రభుత్వ ఇంజినీరుగా పనిచేసి విరమించినవాణ్ణి. చట్టానికి సంబంధించిన మాటలను న్యాయవాది అయిన మిత్రుడికి చూపించి రాస్తున్నాను.

మీ ఉత్తరంలో ఇంటి గురించి ఉంది, ధర గురించి ఉంది, ముహూర్తం గురించి ఉంది. ఆ ఇల్లు నిలబడి ఉన్న నేల అంతకుముందు ఏమిటన్నది మాత్రం లేదు. నెల్లూరు చుట్టుపక్కల లేఅవుట్లలో చాలా వాటికి పదేళ్ల కిందట కాలువ నీరు పారేది. సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువల కింద వరి పండిన మడుల్లో గ్రావెల్ తోలి, మెరక చేసి, రోడ్లు వేసి, రాళ్లు పాతారు. ఇల్లు నిన్న కట్టినదే కావచ్చు, కాని నేలకు తన పాత దారులు గుర్తుంటాయి. నీటి దారులూ, హక్కుల దారులూ కూడా.

ముందు నీటి సంగతి చూద్దాము. మన జిల్లాకు ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల ఈశాన్య రుతుపవనాలతోనే కురుస్తుంది. ఎండాకాలంలో చూసిన ఏ ఇల్లయినా బాగానే కనబడుతుంది. 2021 నవంబరులో సోమశిల నుంచి వదిలిన నీటితో పెన్నా పొంగినప్పుడు, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి, జాతీయ రహదారి తెగి, రాకపోకలు ఆగిపోయిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ వరద మీరు చూసిన స్థలం దాకా వచ్చిందని నేననడం లేదు. ఏటి వరద వేరు, పారిన నీరు పోవడానికి దారిలేక వీధిలో నిలిచిపోవడం వేరు. శివారు లేఅవుట్లను బాధించేది ఎక్కువగా రెండోదే. అందువల్ల ఒక సాయంత్రం బిల్డరు వెంట లేకుండా ఇద్దరూ వెళ్లి, ఆ పక్క పాత ఊరిలో గొడ్లు తోలుకొచ్చే పెద్దాయననో, పాలు పోసే ఆవిడనో, చివరి వీధిలో అయిదారేళ్లుగా ఉంటున్న కుటుంబాన్నో అడగండి. కార్తికమాసంలో ఈ వీధిలో నీరు ఎంతెత్తున నిలుస్తుంది, ఎన్ని రోజులకు ఇంకుతుంది, ఏ వైపు నుంచి వస్తుంది అన్న మూడు ప్రశ్నలు చాలు. పాత ఇళ్ల ప్రహరీ గోడల మీద బురద చార ఉంటే అది కూడా జవాబే. మీ ఇంటి గచ్చు మట్టం వీధి రోడ్డు కంటే ఎంత ఎత్తున ఉందో చూడండి. రోడ్డు మీద రేపు మరో పొర వేస్తారన్నది కూడా మనసులో పెట్టుకోండి.

దీనికి కాగితం మీద సాక్ష్యం కూడా దొరుకుతుంది. సర్వే నంబరుకు సంబంధించిన ఎఫ్ఎంబీ పటం (హద్దుల కొలతలు చూపే సర్వే పటం), గ్రామ పటం తీయించి, ఆ స్థలంలోంచి గాని పక్కనుంచి గాని పంట కాలువ, వాగు, డొంక ఏదైనా పోతున్నదేమో సర్వేయరు చేత చూపించుకోండి. పోరంబోకును కలుపుకొని హద్దులు జరిపిన లేఅవుట్లలో, ఇబ్బంది అంతా చివరి వరుస ఇళ్లవారిదే అవుతుంది.

ఇక మెరక తోలిన నేల మీద కట్టడం గురించి. గ్రావెల్‌ను పొరలు పొరలుగా పోసి, నీళ్లు పెట్టి, రోలరుతో అణచితే అది గట్టిపడుతుంది. లారీలతో కుప్పలు పోసి చదును చేస్తే నాలుగైదు వర్షాకాలాల పాటు కుంగుతూనే ఉంటుంది. పునాది గుంతలు ఆ తోలిన మట్టిలోనే ఆగాయా, కింది అసలు నేల దాకా దిగాయా అన్నది తేలాలి. నల్లరేగడి అయితే వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది కాబట్టి ఇంకా లోతుకు పోవాలి. ఈ రోజుల్లో ప్రతి మేస్త్రీ ఫోనులోనూ పని జరుగుతున్నప్పటి ఫొటోలు ఉంటాయి. పునాది, దాని పైన గోడల కింద వేసే ప్లింత్ బీము కట్టినప్పటి ఫొటోలు చూపమనండి. చూపించగలిగిన బిల్డరు సంతోషంగానే చూపిస్తాడు.

ఇంట్లోకి వెళ్లాక రంగుల వైపు కాక మూలల వైపు చూడండి. గోడ మీద వెంట్రుక వాసి గీతలు వల అల్లినట్లు ఉంటే అది చాలా వరకు ప్లాస్టరింగు ఆరినప్పటి పగులు, దానికి కంగారు అక్కర లేదు. పిల్లరుకూ ఇటుక గోడకూ మధ్య నిలువుగా గీత ఉంటే అక్కడ వల కట్టకుండా పూత పూశారని అర్థం, అది చేయించుకోగలిగిన మరమ్మతే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా దిగే పగులు, అందులోనూ రూపాయి బిళ్ల అంచు దూరేంత వెడల్పున్నది కనబడితే మాత్రం పునాది కదులుతున్నదని అనుమానించి, బిల్డరుకు సంబంధంలేని ఇంజినీరు చేత చూపించేదాకా ఒక్క రూపాయి ఇవ్వకండి. గచ్చు పలకలను చేతికర్రతో తట్టండి, గుల్లగా మోగితే కింద సిమెంటు సరిగా పట్టలేదన్నమాట. డాబా మీద నీరుపోయే గొట్టాలకు గుడ్డ కుక్కి, రెండంగుళాల నీరు పెట్టి, ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి, కింద శ్లాబుకు చెమ్మ దిగిందేమో చూడండి. స్నానాల గదికీ అదే పరీక్ష. బిల్డరు కొంత విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. సెప్టిక్ ట్యాంకు ఎక్కడుంది, దానికీ బోరుకూ ఎంత దూరం, నిండితే బండి లోపలికి రాగలదా అన్నవి కూడా ఇప్పుడే అడగవలసినవి. పైన అంతస్తు వేసుకోవచ్చని నోటి మాటగా అన్నంత మాత్రాన సరిపోదు. మంజూరైన ప్లానులో ఎన్ని అంతస్తులున్నాయో, పునాదిని అన్నిటికీ లెక్క కట్టారో లేదో డ్రాయింగు చూస్తేనే తెలుస్తుంది.

హక్కుల సంగతి ఇంతకంటే పెద్దది. బ్యాంకు లోను ఇస్తున్నది కాబట్టి కాగితాలు సరిగా ఉన్నట్లేనన్న మాటను నమ్మవద్దు. బ్యాంకు న్యాయవాది చూసేది బ్యాంకు డబ్బు తిరిగి వస్తుందా అని. రేపు ఎవరైనా దావా వేస్తే కోర్టుకు వెళ్లేది మీరు, వాయిదాలు కట్టేది కూడా మీరే. మీరు ఒక న్యాయవాదికి ఫీజు ఇచ్చి, లింకు డాక్యుమెంట్లను, అంటే ఆ భూమి చేతులు మారిన పాత దస్తావేజులను, ముప్పయ్యేళ్ల వెనక్కి చదివించండి. ఈసీ (ఆస్తి మీది లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచి కంప్యూటరులో దొరుకుతుంది. అందులో రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే కనబడతాయి, తెల్లకాగితం మీది అగ్రిమెంటు గాని, నోటిమాటగా జరిగిన పంపకం గాని, నడుస్తున్న దావా గాని కనబడవు. రైతు నుంచి లేఅవుట్ వేసినవారికి, వారి నుంచి బిల్డరుకు భూమి ఎలా వచ్చిందో చూస్తున్నప్పుడు, ఆ రైతు అమ్మినది పిత్రార్జితమా స్వార్జితమా అని ప్రత్యేకంగా అడగండి. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతోపాటు వాటా 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. ఆ తేదీకి ముందు పెళ్లయినవారికి అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం ఆ తేడా కూడా తీసివేసింది. అన్నదమ్ములు మాత్రమే సంతకాలు చేసి, అక్కచెల్లెళ్ల సంతకాలు లేకుండా అమ్మిన భూముల మీద ఇరవయ్యేళ్ల తర్వాత దావాలు పడుతున్నది ఇందుకే. దస్తావేజులో ఆడపడుచుల పేర్లు లేకపోతే వంశవృక్షం తెప్పించి ఎందుకు లేవో తేల్చుకోండి. ఎక్కడో అమెరికాలో ఉన్న ఒక ఆడపడుచు సంతకం కోసం ఒక కొనుగోలు ఎనిమిది నెలలు ఆగడం నేను చూశాను. ఆగడమే మంచిదయింది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మరో చిక్కు చుక్కల భూములు. బ్రిటిషు కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరు ఉండవలసిన చోట చుక్కలు పెట్టిన భూములివి. ఏళ్ల తరబడి సాగులో ఉన్నా, అమ్మకాలు జరిగినా, చాలా వాటిని నిషేధిత జాబితాలో చేర్చడంతో రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. వాటి పరిష్కారానికి 2017లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు భూమి అయితే 1977 నాటి చట్టం అమ్మకాన్నే నిషేధించింది, తర్వాతి సవరణల్లోని మినహాయింపు ఏదైనా వర్తిస్తే తప్ప ఆ అమ్మకం చెల్లదు. మీ సర్వే నంబరు, దాని సబ్‌డివిజన్లతో సహా, 22ఎ జాబితాలో, అంటే ఆ నిషేధిత జాబితాలో, లేదని చూసుకోవడం అరగంట పని. తర్వాత లేఅవుట్‌కు నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి, అందులోని ప్లాటు నంబరు, ఇంటికి మంజూరైన ప్లాను, కట్టడం పూర్తయ్యాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు అడగండి. ఆ చివరిది లేని ఇల్లు చట్టం దృష్టిలో ఇంకా కడుతున్న ఇల్లే, జీఎస్టీ కట్టాలా అన్న ప్రశ్న కూడా అక్కడి నుంచే పుడుతుంది. అన్నట్లు, నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే మీ స్థలం 160 చదరపు గజాలు. కొన్ని ప్రాంతాల్లో అంకణం 36 చదరపు అడుగులే. దస్తావేజులో గజాలు రాయించి, నాలుగు వైపులా టేపు పెట్టి కొలిపించండి.

ఇళ్లు కొనేవారి రక్షణకు వచ్చిన రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, రెరా గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. 500 చదరపు మీటర్లకు మించని స్థలంలో గాని, ఎనిమిది ఇళ్లకు మించకుండా గాని కట్టేటప్పుడు రెరాలో నమోదు తప్పనిసరి కాదు. మీ మూడు ఇళ్లూ ఒకే కొలత అయితే మొత్తం 60 అంకణాలు, సుమారు 401 చదరపు మీటర్లు. కాబట్టి బిల్డరు దగ్గర రెరా నంబరు లేకపోవడం తప్పు కాకపోవచ్చు. లేఅవుట్‌కు మాత్రం ఉండవలసి ఉంటుందేమో దాని అనుమతి తేదీని బట్టి చూడండి. నమోదైన ప్రాజెక్టులలో కొనేవారికి చట్టమే ఇచ్చే రక్షణలను మీరు అగ్రిమెంటులో రాయించుకోవాలి. అందులో ముఖ్యమైనవి రెండు. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో పదో వంతుకు మించి తీసుకోకూడదన్నది ఒకటి, స్వాధీనం చేసిన నాటి నుంచి అయిదేళ్ల లోపల కట్టడంలో లోపం బయటపడితే ముప్పై రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలన్నది మరొకటి. మీ ధరకు పదో వంతు 5 లక్షల 80 వేలు. పదిహేను లక్షలకు కాగితం మీద రాసుకోవడమన్న మాట ఎత్తనివ్వకండి.

డబ్బు లెక్కకు వస్తే, 38 లక్షలకు రిజిస్ట్రేషను చేయించుకోవడం మీకు కలిసివచ్చేది కాదు, బిల్డరుకు కలిసివచ్చేది. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషను ఫీజు 1, మొత్తం 7.5 శాతం లెక్కన 58 లక్షలకు 4 లక్షల 35 వేలు, 38 లక్షలకు 2 లక్షల 85 వేలు అవుతుంది. మీకు మిగిలేది లక్షన్నర. దానికోసం ఇరవై లక్షలకు సాక్ష్యం లేకుండా చేసుకుంటున్నారు. రేపు హక్కులో లోపం తేలి డబ్బు వెనక్కి అడగవలసి వస్తే మీ చేతిలో ఉండేది 38 లక్షల కాగితమే. ఆస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం అంటుంది, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా. పైగా దస్తావేజు విలువ తగ్గితే లోను కూడా తగ్గుతుంది. 30 నుంచి 75 లక్షల వరకు గృహరుణాలకు రిజర్వు బ్యాంకు పెట్టిన పరిమితి ఇంటి విలువలో 80 శాతం. 58 లక్షలకు అది 46 లక్షల 40 వేల దాకా వస్తుంది, రిజిస్ట్రేషను ఖర్చులు అందులో చేరవు. ధర 50 లక్షలు దాటింది కాబట్టి మీరు ఒక శాతం, అంటే 58 వేలు, టీడీఎస్‌గా పట్టుకొని బిల్డరు పాన్ మీద ప్రభుత్వానికి కట్టాలి. ఇది మరచిపోయి నోటీసులు అందుకున్న దంపతులు చాలామంది ఉన్నారు.

ఇచ్చేంత లోనూ తీసుకోవలసిన పని లేదు. 8 శాతం వడ్డీ అనుకుంటే 40 లక్షలకు ఇరవై ఏళ్ల వాయిదా నెలకు సుమారు 33,460 రూపాయలు, పదిహేనేళ్లకయితే 38,230. నెలకు అయిదు వేల లోపు తేడాతో మొత్తం మీద పదకొండు లక్షలకు పైగా మిగులుతుంది. అయినా మీ ఇద్దరి ఉద్యోగాలూ ప్రైవేటువి కాబట్టి ఇరవై ఏళ్లకే తీసుకొని, చేతిలో డబ్బు ఆడినప్పుడు అసలు కింద అదనంగా కట్టమని నా సలహా. చలన వడ్డీ (రేటు మారుతూ ఉండే) గృహరుణాల్లో ముందుగా కట్టినందుకు బ్యాంకులు రుసుము వేయకూడదు. నగలన్నీ మాత్రం అమ్మకండి. కొత్త ఇంటికి గ్రిల్లులు, అల్మరాలు, మోటారు, ప్రహరీ గేటు అంటూ మొదటి ఆరు నెలల్లో వచ్చే ఖర్చు ఎవరి లెక్కలోనూ ఉండదు.

దస్తావేజు ఇద్దరి పేరునా ఉండాలి. మీ అత్తగారి మీద గౌరవంతోనే ఈ మాట చెబుతున్నాను. లోనులో మీ సంతకం కావాలి, వాయిదాలో మీ జీతం కావాలి, ముందు చెల్లింపులో మీ పుట్టింటి సొమ్ము కావాలి. అన్నిటిలో ఉన్న పేరు ఆస్తిలో లేకపోవడం ఏ లెక్కకూ సరిపోదు. మీ నాన్నగారు ఇచ్చే 8 లక్షలు మీ ఖాతాలోకి బ్యాంకు ద్వారా వచ్చి, అక్కడి నుంచి బిల్డరుకు వెళ్లేలా చూసుకోండి. అత్తగారికి చెప్పడానికి ఒక మార్గం ఉంది. ఆదాయపు పన్ను పాత విధానంలో ఉంటే, ఉమ్మడి యజమానులైన దంపతులిద్దరూ వడ్డీ మీద ఒక్కొక్కరు 2 లక్షల దాకా విడివిడిగా మినహాయింపు పొందవచ్చు. లెక్క వింటే పట్టు కొంత సడలుతుంది.

ముహూర్తం గురించి ఒక్క మాట. వైశాఖం ప్రతి ఏడూ వస్తుంది. బిల్డరు ఒప్పుకుంటే చిన్న అడ్వాన్సుతో అగ్రిమెంటు రిజిస్టరు చేయించుకొని, కార్తికం వానలు ఆ ఇంటి మీద కురవనిచ్చి, తర్వాత మాఘంలో పాలు పొంగించుకోండి. ఒప్పుకోకపోతే, పైన చెప్పిన పరీక్షలన్నీ వదలకుండా చేయించండి.

ప్రశ్న: ఒంగోలులో కొత్తపట్నం రోడ్డు వైపు ఇరవై నాలుగు ఇళ్ల సముదాయంలో పోయిన ఏడు కొత్త ఇల్లు కొన్నాము. మాకిదే మొదటి ఇల్లు. గృహప్రవేశమై పది నెలలైంది. హాలులోనూ పడకగదిలోనూ గోడల అడుగున మోకాలెత్తు దాకా తెల్లగా ఉప్పు పేరుకొని, రంగు పొక్కులు లేస్తున్నది. బిల్డరు రెండుసార్లు రంగు వేయించాడు. మళ్లీ అంతే. టైల్స్ అంటించేస్తే పోతుందంటున్నాడు. చేయించుకోమంటారా?
– దంపతులు, ఒంగోలు

సమాధానం: వద్దు. టైల్స్ అంటిస్తే చెమ్మ కనబడకుండా పోతుంది గాని గోడలో ఉండనే ఉంటుంది, బయటికి ఆరే దారి మూసుకుపోయి టైల్స్ పైకి ఎక్కుతుంది. ఇటుక నేలలోని తడిని దీపపు వత్తి నూనెను పీల్చినట్లు పైకి పీలుస్తుంది. ఆ తడితోపాటు వచ్చిన ఉప్పు, నీరు ఆరినప్పుడు గోడ పైపొరలో గడ్డకట్టి పూతను నెట్టివేస్తుంది. సముద్రం వైపు నేలల్లో బోరు నీరే ఉప్పన. ఆ నీటితోనే సిమెంటు కలిపి, గోడలు తడిపి ఉంటే ఉప్పు కట్టడంలోనే కలిసిపోయి ఉంటుంది. ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం. మీ బోరు నీటిని పరీక్షకు పంపించండి, ఆ ఫలితం గోడలకే కాక శ్లాబులోని ఇనుముకు కూడా సంబంధించినది.

చెమ్మ ఎక్కడిదో మొదట తేల్చుకోవాలి. ఒక గోడ వెనుక స్నానాల గది ఉండి అక్కడే ఉంటే గొట్టం కారుతున్నట్లు. అన్ని గోడలకూ ఒకే ఎత్తున గీత గీసినట్లుంటే నేల నుంచి ఎక్కుతున్నట్లు, అంటే పునాది మీద చెమ్మను ఆపే పొర వేయలేదు, లేదా వేసినదాన్ని దాటి బయట మట్టి మెరక చేశారు. మీ ఉత్తరాన్ని బట్టి నేల నుంచి ఎక్కుతున్నదనే అనిపిస్తున్నది. బయట గోడకు ఆనుకొని పోసిన మట్టిని గచ్చు మట్టం కిందికి తీయించి, నీరు ఇంటి నుంచి దూరంగా పోయేలా వాలు పెట్టించండి. లోపల గీతకు అడుగు పైదాకా పూత రాల్చి, గోడకు వరుసగా రంధ్రాలు వేసి చెమ్మను ఆపే ద్రావకం ఎక్కించి, బాగా ఆరిన తర్వాతే మళ్లీ పూయించాలి. పేరుకున్న ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపండి, నీళ్లతో కడిగితే అది మళ్లీ లోపలికే పోతుంది.

ఈ ఖర్చు మీది కాదు. ఇరవై నాలుగు ఇళ్ల సముదాయం కాబట్టి రెరాలో నమోదై ఉండాలి, అయిదేళ్ల బాధ్యత బిల్డరుదే. ఫోనులో చెప్పడం మానేసి, తేదీలున్న ఫొటోలు, నీటి పరీక్ష ఫలితం జతపరచి, ముప్పై రోజుల్లో సరిచేయమని లిఖితపూర్వకంగా, చేరినట్లు రశీదు వచ్చే పద్ధతిలో పంపండి. మిగతా ఇరవై మూడు ఇళ్లలో ఎవరి గోడలు ఎలా ఉన్నాయో కనుక్కొని కలిసి రాస్తే మరీ మంచిది. సరిచేయకపోతే ఆ ఉత్తరమే రెరా అథారిటీ ముందు మీ ఫిర్యాదుకు మొదటి కాగితమవుతుంది. మూడోసారి రంగు మాత్రం గోడ ఆరేదాకా వేయనివ్వకండి.